సింగపూర్‌లో ఐర్లండ్ పాటలు, చివరి వరసలో నేను

శుక్రవారం పొద్దున్న ఏడున్నరకి తెనాలిలో రైలెక్కాను. సంచిలో తమ్ముడికి సున్నుండలు, ఫోన్లో ఎవరో ఐర్లండ్ కుర్రాళ్ల పాటలు. సింగపూర్ చూడటానికి వెళ్తున్నానని వీధిలో అందరికీ చెప్పాను గానీ అసలు పని వేరు. మా తమ్ముడు మధు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చుకుని రావాలి.

మాది మైక్ సెట్ షాపు. నాన్న పెళ్లిళ్లకీ సభలకీ బాక్సులు కడతాడు. నేను పదో తరగతితో ఆపేసి షాపులో బుకింగులు చూసుకుంటున్నాను. మధు మాత్రం ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద సింగపూర్ వెళ్లాడు. ఏడాది తిరక్కుండానే అది మానేసి, పాటల కచేరీలకు సౌండ్ పెట్టే కంపెనీలో చేరాడు. ఆరు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే ఇంటికే. ఆ ఆరు నెలలూ ఈ వారంతో సరి. "మైక్ సెట్ కట్టడానికి సింగపూర్ దాకా ఎందుకు, మన షాపు ఉందిగా" అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడటం లేదు.

ఒంగోలు దాటాక ఎదురు సీటు ఆంటీ మాట కదిపింది. తమ్ముడి దగ్గరికి సింగపూర్ వెళ్తున్నానన్నాను. వాళ్లబ్బాయీ అక్కడే సెరంగూన్‌లో ఉంటాడట, బ్యాంకు సాఫ్ట్‌వేర్.

"మీ తమ్ముడిది ఏ కంపెనీ అమ్మాయ్?"

"సాఫ్ట్‌వేరేనండీ."

"ప్యాకేజీ ఎంత?"

"అడగలేదండీ" అని ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాను.

మధు పంపిన ఆ పాటలు, ఈ వారం వాడి కంపెనీ సౌండ్ పెట్టే ఐర్లండ్ బ్యాండు మొదటి ఆల్బమ్. పదకొండు పాటలు, నలభై నిమిషాలు. చెన్నై చేరేలోపు ఐదుసార్లు విన్నాను. మొదటిసారి తలనొప్పి వచ్చింది. డ్రమ్ములు తలుపు బాదుతున్నట్టు, గిటార్లు రేకుల షెడ్డు మీద వానలాగా. పాడేవాడు పాడడు, సగం మాట్లాడతాడు, అద్దె పెంచిన ఇంటాయనతో వీధిలో నిలబడి తగువు పెట్టుకున్నట్టు. మూడోసారికి ఆ తగువు ఎవరితోనో తెలుసుకోవాలనిపించింది. అడిగితే మధు మెసేజ్ పెట్టాడు: వాళ్ల ఊరి రేవు, కూల్చేసిన వీధులు, ఉండటానికి చోటు దొరకని కుర్రాళ్లు, ఇవే అక్కా పాటలు.

రెండింటికి చెన్నైలో దిగాను. సామాను తక్కువైతే టాక్సీ వద్దు. సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషన్లో లోకల్ రైలెక్కి తిరుసూలంలో దిగితే, రోడ్డు దాటగానే విమానాశ్రయం. రాత్రి విమానమెక్కి శనివారం పొద్దున్న ఆరుకి సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగేసరికి మధు నల్ల టీషర్టులో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు.

రైలు మారి మధు ఉండే ఆంగ్ మో కియో వెళ్లాం. వాడి ఫ్లాట్ కింద హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, పరాటాలు, టీ. అక్కడ బల్ల మీద టిష్యూ పొట్లం పెడితే ఆ చోటు మనదే. మనం బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేయడం లాంటిదే. పరాటా ముక్క చేతిలో పట్టుకుని మధు అసలు సంగతి చెప్పాడు. బ్యాండుతో వచ్చిన సౌండాయనకి జ్వరం. ఇన్నాళ్లూ కేబుళ్లు పరిచిన మధుకే కంపెనీ ఆ పని అప్పగించింది.

"ఇవాళ ఒక షో, రేపు ఒకటి. రెండూ నావే. బాగుంటే ఇక్కడ, లేకపోతే సోమవారం నీ పక్క సీటే."

మధ్యాహ్నం షో జరిగే తంజోంగ్ పగార్ పేటకి వెళ్లాం. పాత గోదాముని హాలుగా మార్చారు, కుర్చీలు లేవు. బ్యాండు కుర్రాళ్లు నలుగురూ మధు కంటే చిన్నవాళ్లలా ఉన్నారు. సున్నుండలు ఇచ్చాను. పాడే అబ్బాయి ఒకటి మొత్తం నోట్లో వేసుకుని కాసేపు మాట్లాడలేకపోయాడు.

షో ఏడున్నరకి. మధు నన్ను తను సౌండు సరిచేసే మిక్సర్ పక్కనే నిలబెట్టుకున్నాడు. నాకు అద్భుతంగా వినపడింది. పాడే అబ్బాయి బస్సు తప్పిపోయినవాడిలా స్టేజీ మీద అటూ ఇటూ తిరుగుతుంటే ముందున్నవాళ్లు ఊగిపోయారు. అయిపోయాక మధు బాసు టాన్ గారు వెనక నుంచి వచ్చారు. అరవై ఏళ్లుంటాయి.

"మాటలేవి లా? వెనకంతా గోలే. రేపు ఇలాగైతే క్యాన్నాట్."

లా అనేది అక్కడివాళ్ల మాటల తోక. క్యాన్నాట్ అంటే కుదరదని, ఆ ఒక్క ఇంగ్లీషు ముక్క నాకూ అర్థమైంది.

తిరుగు రైల్లో నేనే మొదలుపెట్టాను.

"నాన్న నన్ను ఎక్కడ నిలబెట్టేవాడో గుర్తుందా?"

"చివరి వరసలో. ఇదేం పెళ్లి పందిరా అక్కా? నా దగ్గర సౌండు కొలిచే మీటర్లున్నాయి."

"మీటరు టికెట్ కొనుక్కుని రాదురా."

చిన్నప్పుడు నా డ్యూటీ అదే. ఖాళీ పందిట్లో బాగున్న సౌండు జనం నిండాక మారిపోతుందని నాన్న నన్ను చివరికి పంపేవాడు. మాటలు తెలిస్తే అరచెయ్యి ఎత్తాలి, సౌండు మాటల్ని మింగేస్తుంటే పిడికిలి. దాన్నిబట్టి నాన్న సరిచేసుకునేవాడు.

ఆదివారం షో నాలుగింటికి. వాణ్ణి అడగలేదు. నేరుగా వెళ్లి వెనక తలుపు మీద వెలిగే పచ్చ దీపం కింద నిలబడ్డాను, చీకట్లో కనపడాలని. మొదటి పాటలో ఒక్క మాటా తెలియలేదు. పిడికిలి ఎత్తాను. మధు ఇటు చూడలేదు. చెయ్యి దించలేదు నేను.

పక్కనున్న చైనీస్ అమ్మాయి నన్ను చూసింది, నవ్వి తనూ పిడికిలి ఎత్తింది. ఇదేదో ఈ బ్యాండు అభిమానుల పద్ధతి అనుకుంది కాబోలు. ఆమె స్నేహితులు ఎత్తారు. రెండో పాట సగానికి ఏడెనిమిది పిడికిళ్లు. వద్దు వద్దు అని తల ఊపాను, వాళ్లూ తాళానికి తగ్గట్టు తల ఊపారు.

అప్పుడు మధు తిరిగాడు. వాడి మొహం చూస్తే జాలేసింది. ఒక్క అక్క పిడికిలి చూద్దామని తిరిగితే వరసంతా అదే తీర్పు. గబగబా మిక్సర్ మీదికి వంగాడు. గిటార్లు కాస్త వెనక్కి వెళ్లాయి, పొట్టలో గుద్దే బేస్ తగ్గింది, ఆ గొంతు ఎవరో దుమ్ము తుడిచినట్టు బయటికొచ్చింది. ఒక్కో మాట విడివిడిగా. రైల్లో ఐదుసార్లు విన్న పాటే, కానీ ఆ అబ్బాయి నా పక్కన నిలబడి నాకే చెబుతున్నట్టుంది.

అరచెయ్యి ఎత్తాను. ఆ పిల్లలూ ఎత్తారు. మధు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నవ్వాడు. వాడలా నవ్వి ఎన్నాళ్లయిందో.

చివరి పాట మా వెనక వరస మొత్తం మాట పొల్లు పోకుండా పాడింది. టాన్ గారు గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని విన్నారు. దీపాలు వెలిగాక మధు దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యేశారు.

"క్యాన్ లా. మంగళవారం వచ్చి సంతకం పెట్టు." తర్వాత నన్ను చూపించి ఏదో అన్నారు.

"ఏమన్నార్రా?"

"ఈ మీటరు ఎక్కడ కొన్నావని."

సోమవారం ఉదయం విమానంలో నా పక్క సీట్లో మధు లేడు. కిటికీ వైపు కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోయాను. సింగపూర్లో ఏం చూశావని అడిగితే ఒక హాకర్ సెంటరు, నాలుగు రైళ్లు, ఒక గోదాము, అంతే. ఇంతకంటే మంచి ప్రయాణం నేను చేయలేదు. మీరెవరైనా ఇలాంటి షోకి వెళ్తే ముందుకు తోసుకోకండి, ఒక పాటైనా వెనక నిలబడి వినండి.

చెన్నైలో సాయంత్రం రైలెక్కాను. పక్కాయన పలకరిస్తే తమ్ముణ్ణి చూసి వస్తున్నానన్నాను.

"సింగపూర్ నుంచా? తమ్ముడు సాఫ్ట్‌వేరా అమ్మా?"

"కాదండీ, మైక్ సెట్ కడతాడు. ఐర్లండ్ వాళ్లకి."

గూడూరు దాటాక నాన్న ఫోన్ చేశాడు. ఉద్యోగం సంగతి అడగలేదు, జీతం అడగలేదు.

"చివరి వరసకి మాటలు తెలిశాయా?"

"తెలిశాయి నాన్నా. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఏ మాటకామాట తెలిసింది."

అవతల నాన్న షాపు డైరీ తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"వాడి నంబరు పాతదేనా," అన్నాడు నాన్న, "మార్చాడా?"