వదిన మూడో క్యాసెట్టు

పోయిన నెలలో ఒకనాడు పొద్దున్నే మా వదిన కూతురు ఫోను చేసింది. "చిన్నాయినా, అమ్మ పాడిన మూడో క్యాసెట్టు నీ తాననే ఉన్నదని అందరికీ చెప్పుకుంట తిరుగుతవు గద, గది తీసుకొని రా. అందుల మా అక్క పాట ఉన్నదట. అమ్మ పాణం ఉండంగనే ఆమెను తోల్కపోయి అక్కను పెట్టిన జాగ ఒక్కసారి చూపియ్యాలె" అన్నది. ఆ క్యాసెట్టు నా ఇనుప పెట్టెలో పట్టుగుడ్డలో చుట్టి ఉందని ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో, దినాల్లో, బస్సుల్లో ఎంతమందికి చెప్పుకున్నానో నాకే గుర్తు లేదు. నిజానికి ఆ పెట్టెలో ఉన్నవి పాత కరెంటు బిల్లులు, కాలు విరిగిన కళ్లజోడు ఒకటి.

వదిన అంటే మా పెద్దమ్మ కొడుకు భార్య. పుట్టిల్లు కర్ణాటక హద్దుకు దగ్గర, వడ్డేపల్లి వైపు, అందుకని మాటల్లో అక్కడక్కడ కన్నడం తొంగిచూసేది. వనపర్తి పక్కన మా ఊరికి కోడలై వచ్చాక, మా ఇళ్లలో అందరిలాగే అన్నతో కలిసి మేస్త్రి గుంపులో దూరదేశం కూలికి పోయి, కట్టల మీద, కాలువల్లో మట్టి మోసి, వానలు పడే వేళకు తిరిగి వచ్చేది. పాటలన్నీ అక్కడ కట్టినవే. చదువు రాదు కనుక తలలో కట్టి తలలోనే దాచుకునేది. ఆమెది సన్నని గొంతు కాదు. నిండు తట్ట ఎత్తేటప్పుడు రొమ్ములోంచి ఒక ఊపిరి వస్తుంది చూడండి, ఆ ఊపిరి మీద పాటను నిలబెట్టేది. తట్ట చేయి మారే చోట చరణాన్ని విరిచి, మారాక అందుకునేది. పల్లవిలో చివరి మాట తాను పాడక వరసలో నిలబడ్డ ఆడవాళ్లకు వదిలేసేది. తాళానికి ఖాళీ తట్ట బోర్లించి వేలి ఉంగరంతో కొట్టేది, అంచు మీద ఒక నాదం, నడుమ మరో నాదం. సంగీతం నేర్చిన వాళ్లను తరవాత చాలామందిని చూశాను గానీ, ఎక్కడ ఆగాలో అంత తెలిసినవాళ్లను చూడలేదు.

ఆ రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్లలోనూ నాకు క్యాసెట్ల దుకాణాలు ఉండేవి. ఉండేవి అని మా మనవలకు చెబుతాను. మీరు నా ఈడు వాళ్లు, మీ దగ్గర దాచలేను. వనపర్తిలో ఒక డబ్బా దుకాణం, మిగిలిన రెండు ఊళ్లకు నేనే అట్టపెట్టె ఎత్తుకుని బస్సెక్కేవాణ్ణి.

వదిన మొదటి క్యాసెట్టు గద్వాలలో ఒక సాలెల ఇంట్లో చేశాం. మా కోసం వాళ్లు మగ్గాలు ఆపారు కానీ పక్కింటి మగ్గం ఆగలేదు. నేను తిట్టబోతే వదిన వద్దని, ఆ చప్పుడుకే తన పాట నడక కలిపేసింది. ఇప్పటికీ ఆ క్యాసెట్టు ఎవరి దగ్గరైనా ఉంటే మొదటి వైపు వినండి, పాట వెనకాల చీర నేస్తున్నట్టే ఉంటుంది. అందులో డోలక్ వాయించింది నేనేనని చెప్పుకుంటాను. అదీ నిజమే, ఒకటిన్నర పాట వరకు. రెండో పాట నడుమ వదిన ఆపి, "మరిదీ, నువ్వు కొడుతుంటే నా పాట వెనక కుక్క పడ్డట్టు ఉరుకుతున్నది. జర ఆ డోలక్ పక్కకు పెట్టి నీళ్లు తాగి రాపో" అంది. నేత పనివాళ్లందరూ నవ్వారు. నీళ్లు తాగి వచ్చేసరికి తట్ట తాళంతో నాలుగో పాట నడుస్తోంది.

రెండోది నాగర్‌కర్నూలులో ఒకాయన కీబోర్డు, రిథమ్ పెట్టెతో చేయించాడు. అది బాగా ఆడింది, జాతరల్లో మోగింది. వదిన మాత్రం ఒకసారి విని, "ఇందుల నేనేడున్న?" అని అడిగి మళ్లీ ముట్టలేదు.

మూడోది నా దుకాణంలోనే, మధ్యాహ్నం తలుపు మూసి చేశాం. తట్ట కూడా లేదు, ఒట్టి గొంతు. చివరి పాట వదిన మొదటి బిడ్డది. షోలాపూర్ అవతల ఎక్కడో కాలువ పనిలో ఉండగా మూడేళ్ల పిల్ల జ్వరంతో పోయింది. కట్ట పక్కన పాతిపెట్టారు. తెల్లారి పని ముందుకు జరిగింది, గుంపూ జరిగింది. గుర్తుకు ఒక రాయి నాటే తీరిక కూడా దొరకలేదు. అందుకని ఏ తూము, ఏ మలుపు, ఎన్ని అడుగులు, ఏ చెట్టు అన్నీ వదిన పాటలో పెట్టుకుంది. ఆ పాట ఆమె ఎవరి ముందూ పాడేది కాదు, అన్న చెవిన పడితే వినలేక లేచిపోయేవాడు. నేను వంద సార్లు విన్నానని చెప్పుకుంటాను గానీ, విన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

రికార్డు చేసిన క్యాసెట్టు వెనక చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచేస్తే దాని మీద ఇంకేదీ ఎక్కదని మీకు తెలుసు. నేను విరవలేదు. వదిన లేనప్పుడు ఆ పాటలకు నా డోలక్ కలిపి మళ్లీ దాని మీదే ఎక్కించాలని నా ఆశ.

అప్పట్లో రాత రాని వాళ్లు నా దుకాణానికి వచ్చి ఉత్తరం మాట్లాడి పోయేవారు. ఆ క్యాసెట్టు లారీలో పని కాడికి పోయేది, అక్కడివాళ్లు విని దాని మీదే జవాబు చెప్పి పంపేవారు. ఒకే క్యాసెట్టు ఏళ్ల తరబడి అటూ ఇటూ తిరిగేది. ఒకరోజు గుంపు లారీ ఇంజను ఆపకుండా దుకాణం ముందు నిలబడి ఉంది. ఒక ముసలమ్మ పరుగున వచ్చి, "మా ముసలాయన పాణం పోయింది, నా కొడుక్కు జెప్పాలె" అని ఏడ్చింది. చేతికి అందిన క్యాసెట్టు వేసి రికార్డు మీటలు రెండూ నొక్కాను. ఆమె గోడు చూడలేక తెలిసే ఇచ్చానని కొన్నిచోట్ల చెప్పాను. తెలిసి కాదు, చూసుకోలేదు. అది వదిన మూడో క్యాసెట్టని నాలుగు రోజుల తరవాత గాని నాకు తెలియలేదు. ఏడాదికి అది తిరిగి వచ్చింది. రెండు వైపులా విన్నాను, బిడ్డ పుట్టిందని ఒకరు, బర్రె ఈనిందని ఒకరు. వదిన గొంతు ఎక్కడా లేదు.

క్యాసెట్లు తయారుచేసే కంపెనీ వాళ్ల దగ్గర ఉందని అప్పట్లో వదినకు చెప్పాను. రెండుసార్లు అడిగింది, తరవాత అడగలేదు. అన్న పోయాడు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఆమెకు కుడిచేయి, మాట రెండూ పడిపోయాయి.

ఫోను వచ్చిన మూడో నాడు ఒట్టి చేతులతో పోయి, మంచం పక్కన కూర్చుని, ఇదంతా వదిన ముందే చెప్పాను. కూతురు లేచిపోయి నోటుబుక్కు తెచ్చి, "వంద సార్లు విన్ననంటివి గద, యాది చేసుకో, రాసుకుంట" అంది. నేను అందుకున్నాను.

తట్ట దించి చూస్తి బిడ్డా, తలమీది బరువు దిగలే,
కట్ట దాటి పొద్దు గుంకె, నిన్ను పిలిచే నోరు లే…

వదిన కళ్లు మెరిశాయి. ఎడమచేయి మంచం పట్టె మీద తాళం వేసింది. తరవాతి మాట నాకు రాలేదు. మూడో తూమా వదినా అంటే తల అడ్డంగా ఊపింది. రెండోదా అంటే ఔనన్నట్టు నిలువుగా ఊపింది. తుమ్మచెట్టా అంటే ఔనంది, వేపచెట్టా అంటే దానికీ ఔనంది. మళ్లీ తూము అడిగితే రెండూ కాదంది. కూతురు రాస్తూ కొట్టేస్తూ, "అమ్మా, జర మంచిగ యాది చేసుకోవే" అని బతిమాలింది. వదిన కూతురి వైపు చూడలేదు. నా నోటి వైపే చూస్తోంది. అప్పుడు తెలిసింది నాకు. పాట ఆమె లోపల ఉందనుకుని మేమిద్దరం అడుగుతున్నాం, ఆమె నన్ను అడుగుతోంది. ఆమె దగ్గరా లేదు. క్యాసెట్టు చెబుతుందనే ఇన్నాళ్లూ ఎదురుచూసింది.

ఈ కాలం పిల్లలు తుమ్మినా దగ్గినా ఫోనులో దాచుకుంటున్నారు, మంచిదే. మా వాళ్లు తవ్విన ఆ కాలువలో ఇప్పుడు ఏడాది పొడుగునా నీళ్లు పారుతున్నాయట, రెండు గట్ల వెంబడీ చెరుకు నిలువెత్తు పెరిగిందట. ఆ చెరుకులో మా పిల్ల ఏ మలుపు దగ్గర ఉందో చెప్పగలిగిన పాటను నేను చెరిపేశాను.