గాడిదకు కుట్టిన చొక్కా

ఆ వీధిలో టైలరును అందరూ హీరోగారూ అని పిలిచేవారు. గౌరవంతో కాదు. పెళ్ళికి ముందు వేరే ఊళ్ళో ఉన్నప్పుడు టీవీలో నటించానని ఆయన ఒకసారి నోరు జారాడు.

మంత్రాలు తెలిసిన ఓ ఇల్లాలి నాటకం అది. ఆదివారం పొద్దున అది మొదలైందంటే వీధుల్లో కాకి కూడా తిరిగేది కాదు. ఆవిడ చిటికె వేస్తే పాలగిన్నె తనంతట తాను పొయ్యి దిగేది. మొగుణ్ణి తిట్టడానికి ఇంటికొచ్చిన ఆఫీసరు గోడగడియారంలో దూరి, మర్యాదగా గంటలు కొట్టేవాడు. పనీపాటా లేక ఆమె పంచన పడి తినే తమ్ముడు మాత్రం ప్రతి వారమూ గాడిదైపోయేవాడు. ఆ తమ్ముడు వేషం ఈయనది.

నిజానికి ఆయన్ని పిలిచింది చొక్కాలు కుట్టమని. ఎర్రచారల గుడ్డ ఒకే తానులోంచి కోసి నటుడికొకటి, గాడిదకొకటి. మారింది ఎవరో జనానికి తెలియాలి కదా. తీరా నటుడు రాలేదు. చొక్కా సరిపోయిందని టైలరునే నిలబెట్టారు. చిటికె వినబడగానే ఎవరో డబ్బా నొక్కి పౌడరు ఊదేవారు. ఆ పొగలో తుమ్ము ఆపుకుంటూ ఆయన పక్కకి తప్పుకుంటే, ఆ చోటికి గాడిదను తోసేవారు. కాజాలు కుడుతూ ఆ తుమ్ము గుర్తొస్తే ఇప్పటికీ ఆయన తనలో తాను నవ్వుకునేవాడు. ఆ రోజుల నుంచి ఆయనకి మిగిలింది తన చొక్కా ఒక్కటే.

ఇల్లరికం వచ్చాక ఆ మాట నమ్మినవాళ్ళు లేరు. భార్య పుట్టింట అప్పట్లో టీవీ లేదు.

"నటుడు కాకపోవడమేం," అనేది ఆమె కొట్టుకొచ్చిన వాళ్ళతో. "బట్టలు రేపు ఇస్తానని చెప్తారు చూడండి, ఆ మొహం చూసి నమ్మనివాళ్ళుంటారా?"

బావమరిది పక్క కొట్టులోంచి అందుకునేవాడు. "అది సరే బావా, డైలాగులు నీకెక్కువా, గాడిదకెక్కువా?"

ఇన్నేళ్ళకి ఏదో ఛానలు ఆ నాటకాన్ని మళ్ళీ వేస్తోందని తెలిసింది. టైలరు వీధంతా చెప్పొచ్చాడు. ఒక్కసారి తన మొహం తెరమీద కనబడితే చాలు, తను అబద్ధాలకోరు కాదని ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది. పెట్టెలోంచి ఆ చొక్కా తీసి తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర గుండీలు పట్టలేదు.

ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. పాత సంగీతం మొదలవగానే పెద్దవాళ్ళ మొహాలు వికసించాయి. పాలగిన్నె పొయ్యి దిగినప్పుడు భార్య కూడా చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడు తలుపు తోసుకుని వస్తాను, చూడండి," అన్నాడు టైలరు, కుర్చీ అంచుకి జరిగి.

తెరమీద తలుపు గడియ కదిలింది. సబ్బు ప్రకటన వచ్చింది. దాని వెనకే నూనె ప్రకటన. ప్రకటనలకి చోటు చేయడానికి ఛానలువాళ్ళు నాటకాన్ని అక్కడక్కడా కోసేశారు. మళ్ళీ మొదలయ్యేసరికి పొగ విడిపోతోంది. ఎర్రచారల చొక్కా తొడుక్కున్న గాడిద కిటికీ తెర నములుతోంది.

గది గొల్లున నవ్వింది. తర్వాతి ఆదివారమూ అంతే. ఆపై ఆదివారం కూడా టైలరు అదే చొక్కాతో కూర్చున్నాడు; అప్పుడూ అంతే.

"హీరో ఏడీ బావా?" అన్నాడు బావమరిది, కళ్ళు తుడుచుకుంటూ.

టైలరు లేచాడు. టీవీ పక్కకి వెళ్ళి, తన చొక్కా అంచు లాగి గాడిద చొక్కా పక్కన పట్టాడు. అదే గుడ్డ. అవే చారలు.

"అదుగో," అన్నాడు. "అది నేనే."

నవ్వులు ఆగాయి. భార్య కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చింది. గాడిదను చూసింది, మొగుణ్ణి చూసింది, మళ్ళీ గాడిదను చూసింది.

"నిజమేరా తమ్ముడూ," అంది. "ఇన్నాళ్ళూ ఈయన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాం." కళ్ళద్దాలు సర్దుకుని, "భుజాల దగ్గర దానికే బాగా కుదిరింది," అంది.

మర్నాటి నుంచి హీరోగారూ అనే పిలుపు పోయింది. కొట్టు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఓండ్ర పెట్టి పోయేవారు. ఆయన మిషను ఆపి, తనను పేరుపెట్టి పిలిచినట్టే, తలెత్తి చూసేవాడు.