ఆమేన్ తరవాత నాలుగు దెబ్బలు

దయ్యం సినిమాలను ఇష్టపడేవాడు దయ్యాలను నమ్మే తీరతాడని మా చర్చి సంఘంలో గట్టి అభిప్రాయం. నా విషయంలో అది పొరపాటు. నిజంగా నమ్మేవాడు ఆ సినిమా చివరిదాకా కూర్చోలేడు. తలుపు వెనక నిలబడి లాగింది ఎవరు, ఆ నీడ పడడానికి దీపం ఎక్కడ పెట్టారు అని కనిపెట్టడమే నాకు వాటిలో ఉన్న ఆనందం. నా వయసు యాభై ఒకటి. ఇరవై ఆరేళ్లుగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. జరిగిన ప్రతి పనికీ వెనక ఒక మనిషి చెయ్యి ఉంటుందన్నది నా నమ్మకం. ఆ చెయ్యి ఎవరిదో ఎంత వెతికినా దొరకని సంగతి నా జీవితంలో ఇదొక్కటే.

మాది ప్రత్తిపాడుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మా చర్చికి వచ్చేవారిలో ఎక్కువమంది మిరప, పత్తి చేలలో పనికి వెళ్లేవాళ్లు. నేను పన్నెండేళ్ల పాటు సంఘ కార్యదర్శిగా ఉన్నాను. ఆరాధన ఎన్ని గంటలకు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎంతమంది వచ్చారు అన్నవి ఏ వారానికావారం డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఇక్కడ చెప్పే సమయాలు, అంకెలు అందులోవి.

మా అక్క సువార్తమ్మ భర్త ప్రకాశరావు చర్చిలో డోలక్ వాయించేవాడు. బావకూ నాకూ ఇంకొక బంధం ఫుట్‌బాల్. ఇంగ్లండు లీగులో ఒక జట్టుకు మేమిద్దరం ఇరవై రెండేళ్లుగా అభిమానులం. జట్టు పేరు రాయను. రాస్తే చదివేవారిలో సగం మంది ఇక్కడితో ఆపేస్తారు.

మా జట్టు ఎక్కువగా శనివారం సాయంత్రాలు ఆడుతుంది. అదే వేళకు చర్చిలో ఆదివారం కోసం సిద్ధపాటు ప్రార్థన. కార్యదర్శి రాకపోతే తలుపు తెరిచేవారుండరు. అందుకని శనివారం ఫోను కట్టేసి, ఫలితం తెలుసుకోకుండా, ఆదివారం భోజనమయ్యాక రికార్డయిన ఆటను చూడడం నేను పెట్టుకున్న నియమం. బావకు అంత ఓపిక లేదు.

"డోలక్కి సిద్ధపాటు ఎందుకు మాస్టారూ, తాడు బిగిస్తే చాలదా?" అని ఇంట్లోనే ఉండి ఆట చూసేసేవాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆదివారం పాస్టరుగారి దీవెన ముగిసి అందరం ఆమేన్ అన్నాక, బావ ఎడమ అరచేత్తో డోలక్ మీద నిదానంగా కొట్టేవాడు. మా జట్టు ఎన్ని గోల్స్ వేస్తే అన్ని దెబ్బలు. సంఘానికి అది ముగింపు వాద్యం. నాకు మాత్రం మధ్యాహ్నం చూడవలసిన ఆట అక్కడే అయిపోయేది. ఎదుటి జట్టు గోల్స్‌కు దెబ్బలుండవు. వాటికి తన చెయ్యి లేవదనేవాడు. నేను కోప్పడితే, "నోరు విప్పానా? కొట్టానంతే!" అనేవాడు.

ఇక సినిమాలు. నా భార్య వాటిని మా ఇంట్లో పెట్టనివ్వదు. కాబట్టి రెండో శనివారం మధ్యాహ్నాలు అక్క ఇంట్లో చూసేవాళ్లం. సినిమా తెచ్చేది నేను. వెలుతురు రాకుండా ఆ ఇంటి కిటికీలకు నల్ల తెరలు కుట్టించింది నేను. బావ తువ్వాలు మొహం మీద కప్పుకుని, "పోయిందా అది? పోయిందా?" అని అడుగుతూ కూర్చునేవాడు. అక్క మిరపకాయల తొడిమలు తీస్తూ, సినిమాను వదిలేసి అతన్ని చూసి నవ్వేది.

జనవరి చివరి వారంలో బావ గుండె ఆగి చనిపోయాడు.

మూడు వారాలకు ఒక ఆదివారం ప్రసంగంలో పాస్టరుగారు, కొన్ని గృహాల్లోకి టీవీ తెర మీంచి అపవిత్రాత్మలు ప్రవేశిస్తున్నాయని, దాని ఫలితాన్ని ఈ మధ్యనే కళ్లారా చూశామని అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది. స్త్రీల వైపు కూర్చున్నవారు ఒకరి తరవాత ఒకరు అక్క వైపు తిరిగారు. ముప్పై ఏళ్లుగా ఆ చర్చిలో సండే స్కూలు చెప్పిన మనిషి, దీవెన అయ్యేదాకా తల దించుకుని కూర్చుని వెళ్లిపోయింది.

నేను ఆ రోజు హాజరు నూట పన్నెండు అని రాసుకున్నాను. ఆ సినిమాలు నావని లేచి చెప్పలేదు. కార్యదర్శి పదవి, ఊళ్లో మాస్టారన్న పేరు, రెండూ కలిసి నా నోరు నొక్కాయి.

మరుసటి వారం నుంచి అక్క చర్చికి రావడం మానేసింది. రమ్మని అడిగితే, "నన్ను చూస్తే చూడనీరా, నాకేం? ఆయన్ని అట్లా చూస్తన్నారు. నేనొచ్చి కూర్చుంటే, అవును నిజమేనని ఒప్పుకున్నట్టు గదా!" అంది. ఆ చర్చి తప్ప అక్కకు వేరే లోకం లేదని నాకు తెలుసు.

బావ డోలక్‌ను చర్చి వెనక గదిలో బీరువా మీద పెట్టించి తాళం వేశాము. డోలక్ వాయించేవారు వేరే లేకపోవడంతో టైలరు జోసెఫ్ కరెంటుతో పనిచేసే రిథమ్ ప్యాడ్ వాయించడం మొదలుపెట్టాడు.

మార్చి మూడో ఆదివారం, పదకొండూ నలభై ఆరుకు, ఆమేన్ అన్న తరవాత రెండు దెబ్బలు వినిపించాయి. ప్యాడ్ చప్పుడు కాదు. చర్మం మీద అరచెయ్యి పడిన చప్పుడు. ఇంటికి వెళ్లి ఆట చూశాను. మా జట్టు రెండు గోల్స్ వేసింది.

నాకు భయం కలగలేదు, కోపం వచ్చింది. ప్యాడ్‌లో ఏ శబ్దాన్నయినా దాచిపెట్టి మళ్లీ మోగించవచ్చు. శనివారం ఫలితం అందరి ఫోన్లలోనూ ఉంటుంది. దెబ్బల లెక్క బావ జోసెఫ్‌కూ చెప్పే ఉంటాడు. కాబట్టి నా అనుమానం మొదట జోసెఫ్ మీదికి పోయింది. చచ్చిపోయినవాడు చర్చిని పట్టుకుని వదలడం లేదన్న పుకారు పుడితే అక్క ఇక ఈ గడప తొక్కదు. ఎవరో అదే కోరుకుంటున్నారనిపించింది.

తరవాతి ఆదివారం నేను పాట పాడకుండా జోసెఫ్ చేతులనే చూస్తూ నిలబడ్డాను. ఆమేన్ తరవాత ఏ చప్పుడూ లేదు. నేను కనిపెట్టానని తెలిసి మానుకున్నాడనుకున్నాను. మధ్యాహ్నం చూస్తే ఆ వారం మా జట్టు ఒక్క గోల్ కూడా వేయలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం తొమ్మిదీ నలభైకే కరెంటు పోయింది. మైకు లేదు, ప్యాడ్ లేదు. చప్పట్లతో పాడుకున్నాము. మిరప కోతల కాలం కావడంతో అందరి బట్టల్లోనూ ఘాటు, ప్రసంగమంతా దగ్గులు. జోసెఫ్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండూ యాభై ఒకటికి ఒక్క దెబ్బ. ఈసారి అది వెనక గదిలోంచి వచ్చిందని స్పష్టంగా తెలిసింది.

వెంటనే తాళం తీసి చూశాను. డోలక్ గుడ్డ సంచిలోనే ఉంది. సంచి మూతికి నేను కట్టిన ముడి అలాగే ఉంది. గుడ్డ మీద పేరుకున్న సన్నటి ఎర్ర దుమ్ములో వేలి ముద్ర కూడా లేదు. కిటికీకి లోపలి గడియ వేసి ఉంది. ఆ గదికి రెండే తాళంచెవులు. ఒకటి నా దగ్గర, రెండోది పాస్టరుగారి దగ్గర. దెబ్బ పడిన సమయానికి పాస్టరుగారు అందరి ఎదుట రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నారు.

బయటికి వస్తే జోసెఫ్ చెప్పుల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"మాస్టారండీ, ఒక మాట అడిగితే కోప్పడరుగా? ఆ దెబ్బలు మీరేనా?"

"నేనా?"

"తాళం మీ దగ్గరుంటది. బావగారి గోల్స్ లెక్క మీకు తెలుసు. ఆ సినిమాలు కూడా మీవే గదండీ. కిటికీలకి నల్ల తెరలు నాతో కుట్టించింది మీరేగా!"

నేను అనుమానిస్తున్న మనిషి అన్ని వారాలుగా నన్నే అనుమానిస్తున్నాడు. అతని వాదనలో నాకు ఒక్క తప్పూ కనబడలేదు.

"ఆ తెరల మాట నేనెవరికీ చెప్పలేదు లెండి. మీరే చెప్తారనుకున్నా," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ఆ మాట నన్ను వదల్లేదు. అయినా ముందు దొంగను పట్టుకోవాలనే అనుకున్నాను. ఏప్రిల్ రెండో ఆదివారం అందుకు తగిన రోజు. ఆ వారం మా జట్టు ఆట శనివారం కాదు, ఆదివారమే, మన సమయం ప్రకారం సాయంత్రం ఆరున్నరకు. ఉదయం పదకొండున్నరకు ఆ ఫలితం భూమి మీద ఎవరికీ తెలియదు. ఆ రోజు దెబ్బలు కొట్టినవాడు తప్పు కొట్టి దొరికిపోతాడు.

పాస్టరుగారి తాళంచెవిని ఏదో పనుందని ముందే అడిగి తీసుకున్నాను. వెనక గది తలుపుకు కుర్చీ ఆనించి కూర్చున్నాను. జోసెఫ్‌ను చివరి పాటకల్లా ప్యాడ్ ఆపించి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పదకొండూ నలభై నాలుగుకు ఆమేన్ అన్నాము.

నాలుగు దెబ్బలు. తలుపు చెక్కలోంచి నా వీపుకు తగిలాయి. జోసెఫ్ నా మణికట్టు పట్టుకున్నాడు. ముందు బెంచీల్లో ఇద్దరు ముగ్గురు స్త్రీలు వెనక్కి తిరిగారు. అక్కడికక్కడే డైరీలో "నాలుగు" అని రాసి, సమయం వేసి, కింద జోసెఫ్ చేత సంతకం పెట్టించాను.

సాయంత్రం మా ఇంట్లో ఆట చూశాను. డెబ్బై ఒకటో నిమిషానికి మా జట్టు మూడు గోల్స్ వేసింది. తొంభై నిమిషాలు నిండాయి. అదనంగా అయిదు నిమిషాలు ఇచ్చారు. ఇరవై రెండేళ్లుగా ఆ జట్టు గోల్ వేయాలనే కోరుకున్నాను. ఆ అయిదు నిమిషాలూ వేయకూడదని ప్రార్థన చేశాను. ప్రార్థన అన్న మాటను ఆలోచించే వాడుతున్నాను. మోకాళ్ల మీద ఉన్నాను. మూడో నిమిషంలో మావాళ్లు మూలనుంచి తన్నిన బంతి, ఎదుటి జట్టువాడి వీపుకు తగిలి గోల్‌లోకి దొర్లింది.

నా భార్య వంటింట్లోంచి, "గెలిచారా?" అని అడిగింది. గెలిచారన్నాను.

దెబ్బల సంగతి మంగళవారానికల్లా ఊరంతా పాకింది. బుధవారం అయిదు గంటలకు సంఘ కమిటీ కూర్చుంది. డోలక్‌ను చర్చి ఆవరణ బయట తగలబెట్టాలని, అది వచ్చిన ఇంటికి వెళ్లి అపవిత్రాత్మను వెళ్లగొట్టే ప్రార్థన చేయాలని తీర్మానం. ఆ ప్రార్థన జరిగితే అక్క బతికినంతకాలం దయ్యం పట్టిన ఇంటి మనిషిగానే మిగిలిపోతుంది. తీర్మానం రాస్తున్నది కార్యదర్శిగా నేనే. "సువార్తమ్మ గృహము" అన్న చోటికి వచ్చి కలం కింద పెట్టాను.

"అయ్యగారూ, ఆ సినిమాలు నావి. తెచ్చింది నేను, తెరలు కుట్టించింది నేను. మా బావ ఒక్కటి కూడా కళ్లు తెరిచి చూడలేదు. తగలబెట్టదలిస్తే నా దగ్గర మొదలుపెట్టండి."

పాస్టరుగారు నా వైపు తిరిగి అడిగారు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

"పదవి పోద్దని."

పదవి ఆ సాయంత్రమే పోయింది. తాళంచెవులు రెండూ బల్ల మీద పెట్టి వచ్చాను. డోలక్‌ను తగలబెట్టలేదు. మరునాడు పాస్టరుగారు ఒక్కరే అక్క ఇంటికి వెళ్లి అరగంట కూర్చున్నారట. ఏం మాట్లాడారో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు.

ఏడు ఆదివారాలు మానేసిన అక్క ఆ వచ్చే ఆదివారం చర్చికి వచ్చింది. స్త్రీల వైపు మూడో వరసలో కూర్చుంది. ఈసారి తల దించుకోలేదు. పదకొండూ నలభై తొమ్మిదికి ఆమేన్ అన్నాము. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. దగ్గులు, కుర్చీలు జరిపిన చప్పుడు తప్ప ఏమీ లేదు. జోసెఫ్ వైపు చూశాను. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నాకది సరిగానే అనిపించింది. ఆ వారం మా జట్టుకు అసలు ఆటే లేదు.

మిరప కల్లాల పక్కనుంచి అక్కా నేనూ ఇంటికి నడుస్తున్నాము. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు ముందు నడుస్తున్నది. ఉన్నట్టుండి ఆగి నా వైపు తిరిగింది.

"ఈ వారం మీ జట్టు ఆడిందా?"

"లేదక్కా. ఆట లేదు."

"మరి అంతసేపు కొట్టాడేంట్రా?"

ఎన్ని దెబ్బలని అడిగాను. లెక్కపెట్టలేదంది.

పాత ఆదివారాల సంగతి నేను ఈనాటికీ తేల్చలేకపోయాను. నా వీపుకు తగిలిన దెబ్బలకు కారణం నాకు తెలియదు. అక్క ఒక్కతే విన్నానన్న ఈ చివరిదాన్ని మాత్రం వేరే రకంగా అనుమానించాను. నా పదవి పోయిందని తెలిసి నన్ను ఓదార్చడానికి అక్క ఆ మాట అన్నదేమో! చిన్నప్పటి నుంచీ అక్క నాతో ఒక్క అబద్ధమూ ఆడినట్టు గుర్తు లేదు. అయినా ఆ అనుమానం నాకు తీరలేదు, అడిగే ధైర్యమూ చాలలేదు. ఆమె అప్పటికే కల్లం దాటి, మామూలు నడకతో, ఇంటి దారి పట్టింది.