చిటికెన వేలి కట్టు

ఆ రోజుల్లో నేను భయపడని మనిషంటూ లేడు. నందికొట్కూరులో ఒక ప్రైవేటు బళ్లో లెక్కల సారుగా చేరి నెల కాలేదు. నన్ను ఉంచుతారా, పంపేస్తారా అన్నది కరస్పాండెంటుగారు వచ్చి నా పాఠం విన్నాకే తేలుతుంది. పిల్లలు ఆయనకు మీసాల సారని పేరు పెట్టారు (నేనూ మనసులో అదే అనుకునేవాణ్ణి). సరిగ్గా ఆయన వచ్చే ముందురోజు పిల్లలతో క్రికెట్ ఆడుతూ, నాకెందుకో పట్టిన క్యాచ్ పిచ్చికి, ఎడమ చిటికెన వేలు విరగ్గొట్టుకున్నాను.

కర్నూలుకు పరుగెత్తితే, కట్టు కట్టినాయన మిగతా వేళ్లన్నీ మడిచి గుడ్డ చుట్టి, చిటికెన వేలొక్కదాన్నే నిటారుగా నిలబెట్టి సిమెంటు కట్టు వేశాడు. "చెయ్యి కిందికి దించొద్దప్పా, వాపొస్తాది" అన్నాడు. నేను బుద్ధిమంతుణ్ణి, దించలేదు. మసక చీకట్లో షేర్ ఆటో ఎక్కితే, ఊరు దాటగానే డ్రైవరు అద్దంలో నా చెయ్యి చూసి కంపచెట్ల పక్కన బండి ఆపాడు. "దిగప్పా, బిరీన పోయిరా." బళ్లో చిటికెన వేలెత్తితే ఒంటికి పోవాలని అర్థం కదా! నా వేలు ఏమంటోందో అప్పుడు తెలిసింది.

మర్నాడు మీసాల సారు చివరి బెంచీలో కూర్చున్నారు. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చారట. నేను కుడిచేత్తో బోర్డు మీద రాస్తున్నాను, ఎడమ వేలు గాల్లో ఉంది. "పోయిరాప్పా, పిల్లోళ్లను నేను చూసుకుంటా" అన్నారు. పిల్లలు కిసుక్కుమన్నారు. బయటికి పోతే ఉద్యోగమూ పోతుందని, "పర్లేదు సార్" అని వడ్డీ లెక్కలోకి దూరాను. మళ్లీ అడిగారు. మళ్లీ పర్లేదన్నాను.

గంట కొట్టగానే ఆయన లేచి నా భుజం తట్టారు. "ఏమప్పా, అంత అర్జెంటు పెట్టుకొని కూడా పాఠం ఆపకపోతివే! మాకు ఇట్లాంటోడే కావల్ల. నీ ఉద్యోగం ఖాయం. ముందు పోయిరా, పో." కట్టు చూపిద్దామని నోరు తెరిచాను, మూశాను. బుద్ధిగా వెళ్లి, ఏ పనీ లేకుండా అక్కడ ఐదు నిమిషాలు నిలబడి వచ్చాను.

ఆయన ఇప్పుడు లేరు. బతికుండగా చెప్పలేకపోయానన్న బాధ ఉంది. కొత్త సార్ల పాఠం వినడానికి ఆ చివరి బెంచీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. బోర్డు దగ్గర వాళ్లు రాసిన అంకెనే చెరిపి మళ్లీ రాస్తుంటారు. వంకర పోయిన నా చిటికెన వేలు నిమురుకుంటూ, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటాను.