కెమెరా ముందు వదిన చెప్పిన మాట

మా వదినకు గర్భసంచి తీసేసిన నెలలోపే బయాప్సీ రిపోర్టు వచ్చింది. మామూలు గడ్డ అనుకున్నది క్యాన్సరట. అందులోనూ అరుదైన రకం, గర్భసంచి కండరంలో పుట్టే సార్కోమా. పాడేరులో టీచరుగా పనిచేస్తున్న నేనే ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కాగితాలన్నీ నా చేతికొచ్చాయి. అన్నయ్య వాటిని చూడ్డానికే భయపడ్డాడు.

విశాఖలో కీమో ఇచ్చారు. వెళ్లొచ్చిన ప్రతిసారీ వదిన రెండ్రోజులు మంచం మీద ఉండి, మూడో రోజు కాఫీ తోటకు పోయేది. కీమో అయ్యాక తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. అప్పటి నుంచి నేను మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో కూర్చుని, కొత్త మందుల్ని రోగుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ కోసం ఫోన్లో వెతికేదాన్ని. చాలావరకు వేరే దేశాలవి. మన దగ్గరున్న ఒకదానిలో మనుషుల్ని తీసుకోవడం అయిపోయింది. ఇంకొకటి విశాఖలోనే మరో ఆసుపత్రిలో జరుగుతోంది. మా డాక్టరు అక్కడికి లెటర్ రాసిచ్చారు.

అక్కడ ఇచ్చిన అంగీకార పత్రం తెలుగులో ఉంది. వదినకు చదువు రాదు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. పేజీ పేజీ చదివి ఆ భాషలో చెప్పాను. కొత్త మందా, పాత మందా అన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుందన్నాను. ఎప్పుడైనా మానేయొచ్చన్నాను. కొత్త మందు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదని రాసిన చోట మాత్రం నాకు నోరు రాలేదు. నయమవుతుందా అని వదిన అడిగింది. అవుతుందన్నాను.

ఆమె ఒప్పుకోవడాన్ని వీడియో తీయాలట. కెమెరా పెట్టాక ఆ ట్రయల్ చూసే డాక్టరమ్మ, ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండని వదిననే అడిగింది. సంతల్లో నేర్చుకున్న తెలుగు వదినకు బాగానే వచ్చు.

"కొత్త మందంట. ఏసుకుంటే నయమైపోద్దంట. మా ఆడపడుసు సెప్పింది."

డాక్టరమ్మ కెమెరా ఆపించింది. బయట కూర్చుని నిదానంగా మళ్లీ చెప్పి తీసుకురమ్మంది.

వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. పనిచేయకపోవచ్చని, కొత్త బాధలు తేవచ్చని, అసలు ఆ మందు ఆమె వంతుకు రాకపోవచ్చని. వదిన కాళ్ల వైపు చూస్తూ విన్నది. తర్వాత, ఎన్నడూ లేనిది, నాతో తెలుగులో మాట్లాడింది.

"నానేటి సిన్న గుంటనా? ముందే ఎందుకు సెప్పనేదు?"

పరాయివాళ్లతో మాట్లాడే భాష అది. వద్దంటావేమోనని భయమేసిందన్నాను. ఆమె లేచి వరండా చివరిదాకా నడిచొచ్చి, మళ్లీ మా భాషలోనే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎన్నాళ్లకోసారి రావాలి, తోట పని చేసుకోవచ్చా, మధ్యలో మానేస్తే కోప్పడతారా. ఒక్కొక్కటీ లోపలికెళ్లి అడిగొచ్చాను.

ఈసారి కెమెరా వైపు తిరిగి తనే చెప్పింది.

"పని సేస్తదో నేదో డాకటరమ్మకీ తెల్దు. అయినా సూస్తాను. నాకొద్దనిపిస్తే మానేస్తాను."

వేలిముద్ర వేసింది. సాక్షిగా ఒక నర్సు సంతకం పెట్టింది.

కంప్యూటరు కొత్త మందే ఇచ్చింది. నాలుగు నెలలు మచ్చలు పెరగలేదు. నోరంతా పూసి వదిన చల్లారిన చోడి అంబలి, అంటే రాగి జావ, తప్ప ఏదీ మింగలేకపోయింది, అయినా మానలేదు. ఐదో నెల స్కాన్‌లో మచ్చలు పెద్దవయ్యాయి. ట్రయల్ నుంచి తీసేశారు. ఆ మాట డాక్టరమ్మ నేరుగా వదినకే చెప్పింది. నేను పక్కనే ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు మొదటి ఆసుపత్రిలో వేరే ఇంజెక్షన్ నడుస్తోంది. ఈ నెల దగ్గు ఎక్కువైంది. నేను రిపోర్టు చదివి చెప్పిన ప్రతిసారీ వదిన నా మొహంలోకి చూసి, ఇంతేనా, ఇంకేమైనా ఉందా అని అడుగుతుంది. ఇంతే వదినా అంటాను. ఇప్పుడు నేనేదీ దాచడం లేదు. అయినా ఆమె ఆ కాగితాన్ని నా దగ్గర్నుంచి తీసుకుని అన్నయ్యకిచ్చి, పక్కింటి టీచరు చేత కూడా ఒకసారి చదివించుకు రమ్మంటుంది.