కాజీపేట క్వార్టర్లో ఇంగ్లీషు మాటల ఆట

ఎనభైల మొదట్లో మా హనుమకొండలో కాస్త ఇంగ్లీషు వచ్చిన కుర్రవాళ్లకు ఒక జబ్బు ఉండేది. ఎవరికీ అక్కరలేని మాటలు పోగేసుకోవడం. ఆ రోజుల్లో నేను ఎం.ఏ. పూర్తి చేసి ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు లైబ్రరీలో లావుపాటి డిక్షనరీ ముందు కూర్చుని, క్యూతోనూ జెడ్‌తోనూ మొదలయ్యే మాటలు బట్టీ పట్టేవాణ్ణి. జాక్స్ అంటే ఇంటికప్పుకు వేసే పలకరాళ్లను చెక్కే పనిముట్టు అని నాకు తెలుసు. (అలాంటి కప్పును నేను ఎన్నడూ చూడలేదు.) ఇదంతా దేనికి పనికొస్తుందని మా నాన్న అడగలేదు. జీతం వస్తోంది కదా అని ఊరుకున్నాడు.

చివరికి పనికొచ్చే రోజు వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు కాజీపేట నుంచి నాకొక సంబంధం తెచ్చాడు. పిల్ల తండ్రి రైల్వేలో గార్డు. “జాతకం గీతకం అడగడట తమ్మీ. పిలగాన్ని కూసోవెట్టి ఇంగ్లీషు మాటల ఆట ఆడిపిస్తడట” అన్నాడు అన్న. ఓడిపోతే పిల్లనివ్వడా అని అడిగాను. “ఏమో మరి. గెలిచినోడు ఇంతవరకు రాలే” అన్నాడు. నిజానికి ఆ పిల్లను నేను అప్పటికే ఎరుగుదును. హనుమకొండలో ఒక బడిలో పాఠాలు చెప్పేది. కాజీపేట బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలో పుస్తకం పెట్టుకుని నిలబడే చదివేది. ఎంత కుదుపు వచ్చినా పేజీ మీంచి కళ్లు తీసేది కాదు. ఈ సంబంధం కుదరాలని నాకు ఎంత ఆశ పుట్టిందంటే, ఆ వారం ఎక్స్ మాటలు కూడా బట్టీ పట్టేశాను.

ఆ ఆట పెట్టెను గార్డుగారి పక్క క్వార్టర్లోని ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరు వదిలిపోతూ వాళ్లకు ఇచ్చాడట. గళ్ల అట్ట, దాని మీద మాటలు పేర్చడానికి ఇంగ్లీషు అక్షరాల బిళ్లలు ఉన్నాయి. నియమాల కాగితం లేదు, ఇంట్లో డిక్షనరీ అసలే లేదు. అందుకని గార్డుగారు సొంతంగా ఒక పద్ధతి పెట్టారు. ఎవరు ఏ మాట పేర్చినా దాని అర్థం ఆయన తల్లికి తెలుగులో చెప్పాలి. ఆమెకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. అలాంటిది లోకంలో ఉంటుందని ఆమెకు తోస్తే “ఉంటది” అంటుంది, మాట చెల్లుతుంది. “ఉండది” అంటే బిళ్లలు మళ్లీ పెట్టెలో వేయాలి. ఆమె తీర్పు మీద అప్పీలు లేదు.

పెళ్లిచూపుల రోజు పిల్ల, తండ్రి, నేను అట్ట చుట్టూ చాప మీద కూర్చున్నాం. అన్న పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను ధీమాగా జాక్స్ పేర్చి అర్థం చెప్పాను. పిల్ల నాయనమ్మ వక్క కొరుకుతూ విన్నది. “ఇంటిమీద రాళ్లు ఏస్తరా? కింద పండుకునేటోళ్లకు పానం మీద ఆశ లేదా బిడ్డా? ఉండది.” బిళ్లలు పెట్టెలో వేసేశాను.

గార్డుగారు క్వాల్ప్ అని పేర్చారు. “చల్ల చిలికే కవ్వానికి చుట్టే తాడు, అవ్వా.”

“ఉంటది. తాడు లేకుంటే కవ్వమెట్ల తిరుగుతది?”

క్యూ అంతా నాకు కంఠతా వచ్చు. అందులో అలాంటి మాట లేదు. ఆయన నా వైపు తిరిగి “విన్నవా బాబూ ఈ మాట?” అని అడిగారు. ఎక్కడో చూసినట్టుంది అన్నాను. పిల్ల తల వంచుకుని నవ్వు ఆపుకుంది.

తర్వాత నేను ఆయన పెట్టిన క్యూ నుంచే కిందికి క్వెర్న్ పేర్చాను. దాని అర్థం ఇంగ్లీషులో చదివానే తప్ప తెలుగులో ఏమంటారో ఎప్పుడూ అనుకోలేదు. “ధాన్యాన్ని పిండి చేసే గుండ్రటి రాతి యంత్రం అండి” అన్నాను.

“కరెంటుదా?”

“కాదండి, చేత్తో తిప్పేది.”

“చేతితోని తిప్పే గిర్నీ యాడుంటది?”

నాకు చెమట పట్టింది. “ఇసుర్రాయి, నాయనమ్మా” అంది పిల్ల, బిళ్లల మీంచి తల ఎత్తకుండానే.

“ఇసుర్రాయి అంటె అయిపాయె గద. యంత్రమట, యంత్రం. ఉంటది తీ.”

అప్పుడు పిల్ల వంతు వచ్చింది. జూఫ్ అని పేర్చింది. “ఎవరన్న అలిగి తినకుంట పండుకుంటే, వాళ్ల కోసం మూతవెట్టి ఉంచే అన్నం.”

“ఉండకేంది? మనింట్ల ఎప్పుడూ ఉండేదే” అంటూ నాయనమ్మ కొడుకు వైపు చూసింది.

గార్డుగారికి రోషం వచ్చింది. “అట్లాంటి మాట లేదవ్వా. నీ మనుమరాలు పుట్టిచ్చింది.”

“నీ కవ్వం తాడు యాడికెళ్లి వచ్చింది బాపూ?” అని పిల్ల మెల్లగా అడిగింది.

నాయనమ్మ నా వైపు తిరిగింది. “నువ్వు గింత చదువు చదివినవు. నువ్వే చెప్పు బిడ్డా. ఈ మాట ఉంటదా, ఉండదా?”

లేదంటే తండ్రి మెచ్చుకుంటాడు, నా చదువుకు విలువ నిలుస్తుంది, పిల్ల మాత్రం మళ్లీ నా మొహం చూడదు. ఉందంటే పిల్లనిచ్చేవాణ్ణి ఆయన ఇంట్లోనే కాదన్నట్టు. “ఉంటదండి” అన్నాను.

“ఏ పుస్తకంల?” అన్నారు గార్డుగారు.

“పెద్ద డిక్షనరీలో.”

“యాడ?”

“జెడ్‌లో, చివర.”

ఆయన అట్ట మడిచారు. తర్వాత మా అన్నతో అన్నారు: “పిలగాడు అబద్ధం ఆడ్తాండు. గని నా బిడ్డ దిక్కు ఆడ్తాండు. ముహూర్తం చూసుకోండ్రి.”

మా కాపురంలో ఎక్కువగా అలిగింది నేనే. “జూఫ్ సల్లగైతాంది” అని వంటింట్లోంచి ఆమె పిలిస్తే కాసేపు బిగదీసుకుని, తర్వాత లేచి వెళ్లి తినేవాణ్ణి. ఆమె పోయాక అలగడం మానేశాను. ఇప్పుడు లావుపాటి డిక్షనరీ నాకు సొంతానికే ఉంది. లేదని తెలిసి కూడా ఒక్కోసారి జెడ్ చివర తెరుస్తాను. ఆ మాట ఉండవలసిన చోట చెమట తుడుచుకుంటూ ఒక కుర్రవాడు కూర్చుని ఉంటాడు. ఉంటదండి అంటాడు. ఈ వయసులో వాడితో వాదం పెట్టుకోవడం ఎందుకని పుస్తకం మూసేస్తాను.