పులుసు తినేసిన చెవిరాళ్ళు

గొరక చేప తలను జాగ్రత్తగా విప్పితే లోపల రెండు తెల్లటి రాళ్ళుంటాయి. కుడిచెవికొకటి, ఎడమచెవికొకటి. చేపకు చెవులేమిటని అనుకోకండి, ఉంటాయి, బయటికి కనపడవంతే. రాయి చిక్కుడుగింజంత ఉంటుంది. ఒకవైపు ఉబ్బెత్తుగా ఉంటుంది, రెండోవైపు ఒక గాడి. ఆ గాడి వంపూ, అంచుల మీది నొక్కులూ జాతికొక తీరు. చేప పోయి, ముళ్ళు కూడా మట్టిలో కలిసిపోయినా ఈ రాయి మిగులుతుంది. దాన్ని చూసి అది ఏ చేపదో చెప్పవచ్చు. జియాలజీ ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో నా ప్రాజెక్టు అదే.

మా గైడ్ మేడం గుజరాత్‌లోని కచ్ నుంచి తెచ్చిన మట్టిని జల్లిస్తే దొరికిన ఒక రాయిని, చిన్న డబ్బాలో దూది మీద పెట్టి నా చేతికిచ్చారు. వయసు కోటి ఏళ్ళు దాటిందట. "ఇది గొరకల కుటుంబమే. ఇప్పుడు బతికున్న జాతో, అంతరించిపోయిన జాతో నువ్వు తేల్చాలి. మీ ఊరు సముద్రం దగ్గరే కదా, ఇంటికెళ్ళి ఇప్పటి చేపల రాళ్ళు పోగుచేసి పోల్చి చూడు" అన్నారు. క్లాసులో నోరు తెరవని నాకు ఈ పని భలే నచ్చింది. రాళ్ళతో మాట్లాడక్కర్లేదు.

మాది మామిడికుదురు. అంతర్వేది నుంచీ, ఓడలరేవు నుంచీ చేపలొస్తాయి. చేపలావిడ మా గుమ్మంలో గంప దించేసరికి అమ్మకంటే ముందు నేనుండేదాన్ని. అందరూ మొప్పలెత్తి ఎర్రగా ఉన్నాయో లేదో చూస్తారు. నేను తలలు చూసేదాన్ని.

"ఏంటండీ అమ్మాయిగారూ, తలకాయలే ఏరుతున్నారు? కండ మాకొదిలేత్తారా ఏంటి?" అంది ఆవిడ.

"రకానికొక గొరక కావాలండి" అన్నాను.

"అబ్బో, సంబంధాలు చూత్తున్నట్టున్నారే!"

నాకు చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి కొత్త రకం గొరక వస్తే చాలు, వీధి మొదట్లోంచే "పెళ్ళికొడుకొచ్చేడండీ!" అని కేకేసేది.

ఇంట్లో అమ్మ ఒక షరతు పెట్టింది. "తలకాయ ముందు పులుసులో పడాలి. తిన్నాక ఎముకలు నీ ఇష్టం." మా ఇంట్లో శనివారం సాయంత్రం కాచిన పులుసు ఆదివారం చర్చి నుంచి వచ్చాక తింటాం. ఒక రాత్రి ఊరితేనే రుచి. అలా కంచాల్లోంచి రాళ్ళు ఏరి, కడిగి, ఆరబెట్టి, మాత్రల డబ్బాల్లో దాచాను. భూతద్దం కింద పెడితే ఒక్కటీ కచ్ రాయిలా లేదు. దాని అంచుకు రంపంలాంటి నొక్కులు, గాడి లోతు. మా పులుసులోవన్నీ నున్ననివే. ఇంకేం కావాలి!

"ఇప్పటి గొరకల్లో వేటికీ అంచున నొక్కులు లేవండి. ఇది అంతరించిన జాతే" అని మేడంకి మెసేజ్ పెట్టాను. "శభాష్! ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతి కూడా కావచ్చు. సెమినార్లో పెడదాం" అని జవాబొచ్చింది. ఆ రోజంతా నేల మీద నడిచినట్టు లేదు. ఎవరికీ తెలియని చేప ఒకటి, నాకు మాత్రమే తెలుసు!

ఆ వారంలోనే నాన్నకు గ్యాస్ పట్టింది. డాక్టరుగారు పులుపు మానమన్నారు. ఆదివారం అమ్మ ఆయనకు చింతపండు వెయ్యని ఇగురు వడ్డించింది. తిన్నాక మామూలుగానే నాన్న కంచంలోంచి ఒక రాయి, నా కంచంలోంచి ఒక రాయి తీసి కడిగాను. నాన్నది నొక్కులతో, లోతైన గాడితో ఉంది. నాది నున్నగా ఉంది.

"అమ్మా, రెండు రకాల చేపలు కొన్నావా?"

"ఒక్కటేనే. తల నిలువునా చీల్చేను. సగం నాన్నకి ఇగురెట్టేను, సగం మన పులుసులో పడేసేను. ఏం?"

రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టాను. ఒకటే చేప. ఇగురులో ఒక జాతి, పులుసులో ఇంకో జాతి! చెవిరాయంటే సున్నమే కదా, చింతపండు రసంలో రాత్రంతా నానితే అంచులుంటాయా? అప్పటికీ నమ్మబుద్ధికాక ఒక రాయిని చిక్కటి చింతపండు రసంలో వేశాను. దాని ఒంటినిండా సన్నటి బుడగలు లేచాయి.

నాన్న తొంగిచూశారు. "రాళ్ళు కరిగించే పులుసుటే! ఇన్నేళ్ళూ ఇది తిన్నాక గ్యాస్ రాక ఏమొస్తది?"

"ఇన్నేళ్ళూ గిన్నె నాకింది ఎవరో?" అంది అమ్మ.

నవ్వొచ్చింది గాని, మేడంకి చెప్పాలి. మెసేజ్ రాసి, చెరిపి, చివరికి ఫోనే చేశాను. "మేడం, నా రాళ్ళు పులుసులోవండి."

"ఎందులోవి?"

చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. తర్వాత మెల్లగా, "అయితే నీ చేప ఇప్పటికీ మీ రేవులో ఈదుతూ ఉండొచ్చు" అన్నారు. అది గుచ్చుకుంది.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి తలలన్నీ ముందు నాకే, మంచినీళ్ళలో ఉడికించడమే. "తలలేని పులుసూ ఒక పులుసేనా" అని అమ్మ రోజూ సణిగేది. కొత్త రాళ్ళన్నిటికీ నొక్కులున్నాయి. ఒక్కో రకం చూస్తున్నకొద్దీ నా చేప మామూలు చేపగా మారిపోతోంది.

అయితే ఇప్పుడు గాడులు కూడా శుభ్రంగా కనిపిస్తున్నాయి. ప్రతి రాయి మీదా గాడి తోక, అంటే దాని చివరి భాగం, గొడుగు పిడిలా కిందికి వంగింది. కచ్ రాయిలో మాత్రం తోక దాదాపు తిన్నగా సాగి, చివర వెడల్పయింది. విరిగిందేమోనని దీపాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. విరగలేదు. ఇదివరకు పులుసు ఆ తోకల్నే అరగదీసేసింది, నాకు పోల్చడానికి ఏమీ మిగల్చలేదు. ఫొటోలు పంపి, "నొక్కుల మాట వెనక్కి తీసుకుంటున్నానండి. గాడి తోక చూడండి" అని రాశాను.

మేడం మిగతా సముద్రాల గొరకలతోనూ, పాత శిలాజాల బొమ్మలతోనూ పోల్చి చూసి ఫోన్ చేశారు. "బతికున్నవాటిలో ఇది లేదు. అంతరించిందే. కానీ కొత్తది కాదమ్మాయ్, ఎవరో ఎప్పుడో పేరు పెట్టేశారు. బాధపడుతున్నావా?"

లేదు. నాకంటే ముందు ఇంకెవరో ఇదే గాడి మీద ఇలాగే వంగి కూర్చున్నారని తెలిస్తే, ఎందుకో తోడు దొరికినట్టయింది.

"సెమినార్లో నువ్వే చెప్పాలి."

"పులుసు సంగతి కూడానా అండి?"

"అదే ముందు చెప్పు."

పారిపోవడానికి దారి వెతికాను. దొరకలేదు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను.